రాయి మన్నగు విధము



తెలంగాణములోని మెట్టపొలముల గట్ల వెంట ఒక్కమారు నడిచి చూచినవారికి ఒక వింత తప్పక కంటబడును. మిట్టమీది చేను ఎర్రగా, ఇసుకపాలు ఎక్కువగా, కాలిక్రింద గరగరలాడుచు నుండును. దానిని చల్క యందురు. ఆ వాలు వెంటనే పల్లమునకు దిగి, వాగు ఒడ్డునకో చెరువు శిఖమునకో చేరునప్పటికి నేల రంగు మారిపోయి, నల్లని రేగడి పాదములకు అంటుకొని వదలకుండును. రెండింటికిని నడుమ దూరము నాలుగైదు ఫర్లాంగులకు మించకపోవచ్చును. రెండుచోట్లను బావి త్రవ్వించినయెడల అడుగున తగులునది ఒకే బండ, ఒకే గ్రానైటు శిల. పైన కురిసిన వాన యొక్కటే, కాసిన యెండ యొక్కటే. మరి ఒకే రాతికి రెండు రంగుల, రెండు గుణముల మన్ను ఎట్లు పుట్టినది? ఈ ప్రశ్నకు సమాధానము దొరికిననాడు రాయి మన్నగుట యను వ్యాపారమంతయు బోధపడినట్లే యని నా నమ్మకము. కావున దానిని విడువకుండ పట్టుకొని మాటలాడెదను.

మన్ననగా పొడియైన రాయి యని మనము సామాన్యముగా తలంతుము. ఈ తలంపు సగమే నిజము. క్వారీలో బండ కోయునప్పుడు రాలిన మెత్తని పొడిని తెచ్చి కుండలో నింపి, అందులో జొన్నగింజలు నాటి నీరు పోసి చూడుడు. గింజ తనలో దాచుకొన్న బలముతో మొలక యెత్తును, కొన్నాళ్లు పచ్చగా నిలుచును, ఆ తరువాత కృశించిపోవును. ఆ పొడిలో నీటిని పట్టి యుంచగల బంక లేదు, వేరు కోరినప్పుడు అందుకొనదగినట్లు విడివడిన లవణములు లేవు, నత్రజని అసలే లేదు. రాయి పొడియగుట మొదటి మెట్టు మాత్రమే. దాని లోపలి ఖనిజములు తమ పూర్వరూపమును విడిచి క్రొత్త ఖనిజములుగా పుట్టవలెను, వానితో జీవము కలియవలెను, అప్పుడుగాని అది మన్ను కాదు. ఈ కార్యమున కంతటికిని ముఖ్యకర్త నీరు. రాతినుండి నీరు దేనిని కరగించి తీసికొనిపోయినదో, దేనిని తీసికొనిపోలేక విడిచినదో, తీసికొనిపోయినదానిని మరల ఎక్కడ దించినదో, ఈ మూడింటిని బట్టియే నేలల జాతులు ఏర్పడినవి. రాతి జాతి తెలిసినంతమాత్రమున దానిమీది మన్ను జాతి తెలియదు.

మొదట రాతిని చూతము. హైదరాబాదు చుట్టును, గోలకొండ కోట క్రిందను, మౌలాలి గుట్టయందును, భువనగిరి ఏకశిలయందును కనబడు గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. అది భూమి ఉపరితలమున పుట్టలేదు. అనేక కిలోమీటర్ల లోతున, మహోష్ణమునందు, పైనున్న శిలాభారము క్రింద, కరగిన ద్రవము మిక్కిలి మెల్లగా చల్లారి స్ఫటికములు కట్టినది. ఆ లోతునకు తగినట్లు కూర్చుకొన్న ఖనిజములు ఈనాడు ఎండకు, వానకు, గాలికి ఎదురుగా నిలువవలసి వచ్చినవి. పుట్టిన పరిస్థితులొకటి, ఉన్న పరిస్థితులొకటి. శిలాశైథిల్యమనగా రాయి తన ప్రస్తుత పరిస్థితులకు తగిన రూపమును పొందుటయే గాని నాశనమగుట కాదు.

పైనున్న పొరలు కోట్ల యేండ్లలో కొట్టుకొనిపోగా, అడుగున అదిమిపట్టబడియున్న గ్రానైటునకు బరువు తగ్గినది. తగ్గగా అది కొంచెము ఉబ్బినది; ఉబ్బగా ఉపరితలమునకు సమాంతరముగా పొరలు పొరలుగా చీలినది. ఈ పొరల రహస్యము శాస్త్రజ్ఞులకంటె ముందు మన వడ్డెరలకు తెలియును. బండమీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టి, వేడి వరుసగా ముందుకు జరుపుచు, సమ్మెటతో తట్టి, ధ్వనిని బట్టి పొర లేచినదో లేదో నిర్ణయించి, వెడల్పైన పలకను పగులకుండ ఊడదీయుట వారి విద్య. ఆ విద్యకు పుస్తకములలో రావలసినంత గౌరవము రాలేదు. ఈ అడ్డు చీలికలతో నిలువు చీలికలు కలిసినచోట బండ దిమ్మలు దిమ్మలుగా విడిపోవును. దిమ్మ ముఖమునకు నీరు ఒకవైపునుండి తగులును, అంచునకు రెండువైపులనుండి, మూలకు మూడువైపులనుండి తగులును; కాబట్టి మూలలు ముందుగా చివికి, చదరపు దిమ్మ క్రమముగా గుండ్రనగును. చుట్టునున్న చివికిన మన్ను వానకు పోగా గుండుమీద గుండు నిలిచిన ఆ చిత్రమైన గుట్టలు మిగిలినవి. హైదరాబాదు పరిసరములలో వానిని పగులగొట్టి చదును చేయుచున్న వేగమును చూచినప్పుడు నా మనస్సు నొచ్చును. కోట్ల యేండ్ల పని మన కన్నులయెదుట నిలిచియున్న చోట్లవి.

శీతలదేశముల గ్రంథములు చదివి వ్రాసిన పాఠములలో, రాతి పగుళ్లలోని నీరు గడ్డకట్టి నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచించి రాతిని చీల్చునని మొదటనే చెప్పుదురు. హిమాలయములలో అది సత్యము. మన నేలమీద దానికి చోటు లేదు. మనకు ఎండ కలదు. వేసవిలో మధ్యాహ్నమున బండమీద కాలు మోపలేము, తెల్లవారుజామున అదే బండ చల్లగా నుండును. ఈ వ్యాకోచసంకోచములచేతనే రాయి పగిలి పొడియగునని చాలకాలము అందరును నమ్మిరి. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ గ్రిగ్స్ దీనిని పరీక్షింపదలచెను. నునుపుచేసిన గ్రానైటు ముక్కను తీసికొని, పొడిగాలిలో వేడిచేయుచు చల్లార్చుచు 89,400 మార్లు, అనగా 244 సంవత్సరముల పగళ్లకును రాత్రులకును సరిపడునంతగా శ్రమపెట్టెను. సూక్ష్మదర్శినిలో చూచినను ఆ రాతిలో మార్పు కనబడలేదు. పిమ్మట చల్లార్చునప్పుడు గాలికి బదులు నీటి తుంపరలను వాడెను. రెండున్నరేండ్లకు సమానమగు స్వల్పశ్రమకే నునుపు పోయినది, పగుళ్లు కనబడినవి. 1936లో వెలువడిన ఈ ప్రయోగము చిన్న ముక్కమీద జరిగినది; కొండమీది పెద్ద బండ విషయమున ఎండకు దీనికన్న ఎక్కువ బలముండవచ్చునని తరువాతివారు వాదించిరి. ఆ వాదము అట్లుండనిండు. నీరు తోడుపడనిదే ఎండ చేయగలిగినది అత్యల్పమని మాత్రము తేలినది.

ఇక నీరు లోపల ఏమి చేయుచున్నదో ఆలకింపుడు. గ్రానైటును చేతబట్టి చూచినచో మూడు విధముల కణములు కనబడును. గాజువలె మెరయుచు బూడిదరంగున నుండునది పలుగు. తెల్లగానో లేత గులాబిరంగుననో నుండునది ఫెల్డ్‌స్పార్. నల్లగా పొలుసులుగా తళుక్కుమనునది అభ్రకము. రాతిలో సగమునకు పైగా సామాన్యముగా ఫెల్డ్‌స్పారే. ఆకాశమునుండి దిగుచు వాన కొంత బొగ్గుపులుసుగాలిని తనలో కలుపుకొనును. నేలలోనికి ఇంకిన తరువాత వేళ్లును సూక్ష్మజీవులును విడుచు శ్వాస దానికి తోడగును. నేలలోపలి గాలియందు బొగ్గుపులుసుగాలి బయటి గాలియందుకంటె పదిరెట్లు మొదలు ఒక్కొక్కచో నూరురెట్ల వరకు ఉండును. అట్లు ఏర్పడిన బలహీనమైన కర్బనికామ్లము ఫెల్డ్‌స్పార్ నంటుకొని, అందలి పొటాసియమును, సోడియమును, కాల్షియమును విడదీసి నీటిలో కలుపును. సిలికాలో కొంత భాగమును కూడ కరగించును. కరగని అల్యూమినియమును మిగిలిన సిలికాయు నీటితో కలిసి తెల్లని మెత్తని బంకమట్టిగా మారును. నల్లని అభ్రకములోని ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి త్రుప్పుపట్టును, పట్టి ఉబ్బును. ఆ ఉబ్బుటతో చుట్టునున్న కణముల పట్టు సడలి రాయి గుల్లబారును. మొరమనునది ఇదియే, చేతితో నలిపిన రాలిపోవుచు, ఇంకను రాతి యానవాళ్లు చెడని దశ. చల్కకు ఎర్రరంగు నిచ్చినదియు ఈ ఇనుపత్రుప్పే. పలుగుకు మాత్రము ఈ సాధారణ కాలమానములో ఏమియు కాదు. అది అట్లే విడివడి ఇసుకయై నిలుచును.

ఏ ఖనిజము ముందు శిథిలమగును, ఏది వెనుక యను క్రమమును 1938లో శామ్యూల్ గోల్డిచ్ నిరూపించెను. శిలాద్రవము చల్లారునప్పుడు అత్యధికమైన వేడిలో మొదట గడ్డకట్టినవే నేలమీద మొదట చివుకును; చివర గడ్డకట్టిన పలుగు చివరివరకు నిలుచును. పుట్టిన స్థితికిని ఉన్న స్థితికిని ఎంత దూరమో అంత త్వరగా మార్పు.

దీనినంతటిని కన్నులార చూడవలెనన్న, గ్రానైటు నేలలో క్రొత్తగా త్రవ్విన బావి గోడ చాలును. పైన జానెడో మూరెడో ఎర్రని చల్క. దాని క్రింద రంగు మరింత ముదిరి, బంక ఎక్కువై, ఎండినప్పుడు పారకు లొంగని పొర. పైపొరలోని సన్నని బంకరేణువులను వాననీరే క్రిందికి దించి అక్కడ పేర్చినది. దాని క్రింద మొరము, మొరములో నడుమ నడుమ చివుకని గుండ్లు, దాని క్రింద పగుళ్ల బండ, చిట్టచివర గడ్డపారకు కణకణలాడు పచ్చి బండ. బావులు త్రవ్వువారు పొర పొరకు పార దెబ్బ ధ్వనిని బట్టియే ఎంత లోతున ఊట తగులునో ఊహింతురు. ఆ ఊట నిలుచునది ఎక్కువగా ఈ గుల్లబారిన మొరమునందును, పగుళ్ల బండయందునే. పచ్చిబండలో నీటికి చోటు లేదు. మన్ను తయారగుచున్న ఆ చోటే మన త్రాగునీటికి కోశమైనది.

ఈ సందర్భమున ఒక దుఃఖకరమైన విషయము చెప్పక తప్పదు. ఫెల్డ్‌స్పార్ నుండి పొటాసియమును విడదీసి పైరున కిచ్చిన ఆ నీరే, గ్రానైటులోని అభ్రకము, ఎపటైటు మొదలగు ఖనిజములనుండి ఫ్లోరైడును కూడ కరగించి బావులలో చేర్చినది. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధి 1937లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతపు గ్రామములలో మొదట గుర్తింపబడినది. నల్లగొండ జిల్లాలో అది తరములకు తరములను వంగదీసినది. అక్కడి పల్లెలలో వంగిన వెన్నెముకలతో, బిగిసిన కీళ్లతో బ్రతుకీడ్చిన వారి బాధకు మూలము వారు నిలిచిన నేల క్రిందనే యున్నదని తెలిసికొనుటకు మనకు చాలకాలము పట్టినది. రాయి మన్నగు వ్యాపారము మానవుని మేలుకొరకే నడచుచున్నదని తలచుట పొరబాటు.

గ్రానైటు సంగతి ఇంతవరకు. దీనికి పూర్తిగా భిన్నమైన శిల బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్లనుండి వెలువడిన ద్రవశిల పొర మీద పొరగా పారి, ఇప్పటికిని దక్కనులో 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్నది. దాని అంచులు ఆదిలాబాదు, జహీరాబాదు, వికారాబాదు, తాండూరు ప్రాంతముల వరకు వచ్చినవి. ఎక్కడో దూరమున, రాజమహేంద్రవరము దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతములలో గోదావరికి ఇరుదరుల దాని తునుక యొకటి కనబడును. బసాల్టులో పలుగు దాదాపు లేదు. ఉన్నవన్నియు గోల్డిచ్ చెప్పిన క్రమములో త్వరగా చివుకునవి; కాల్షియము, మగ్నీషియము, ఇనుము పుష్కలముగా కలవి. అందుచేత ఆ రాయి శిథిలమైనప్పుడు ఇసుక మిగులదు, రాయి రాయి యంతయు బంకమట్టియే యగును. ఆ బంకయు గ్రానైటు మిట్టమీది బంక వంటిది కాదు.

ఈ భేదమును కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో అయిదువందలవ వంతుకంటె చిన్నది. దాని లోపల పొరలుండును. చల్కనేలల బంకయందు పొరకును పొరకును పట్టు గట్టిగా నుండి నీరు దూరలేదు. రేగడి బంకయందు ఆ పట్టు బలహీనము. విస్తళ్ల కట్టను నీటిలో ముంచినప్పుడు ఆకునకును ఆకునకును నడుమ నీరు చేరి కట్ట ఉబ్బునట్లు, తొలకరి వానకు రేగడిలోని ప్రతి రేణువును పొర విప్పుకొని ఉబ్బును. వేసవిలో ఆ నీరు పోగా కుంచించుకొని నేల నెరియలు విచ్చును. లోపలి పొరల వైశాల్యమును కూడ లెక్కించినచో ఈ జాతి బంక ఒక్క గ్రామునకు 700, 800 చదరపు మీటర్ల మేర ఉండును. ఆ మేరయంతయు ఋణవిద్యుత్తు కలిగి కాల్షియము, మగ్నీషియము, పొటాసియము వంటి లవణాంశములను పట్టుకొని, వేరు అడిగినప్పుడు విడుచును. నెరియలు మూరెడు, రెండు మూరలు లోతుకు పోవును; పైని పొడిమన్ను వానిలో రాలును; మరల వాన పడి నేల ఉబ్బినప్పుడు అడుగుమన్ను పైకి ఒరసికొని వచ్చును. రేగడి తన్ను తానే దున్నుకొనునని రైతులు చెప్పుమాట అక్షరాల సత్యము. వానకాలపు నీటిని కడుపున దాచుకొని, వాన లేని కార్తికమార్గశిరములలో జొన్నను, శనగను పండించు శక్తి దాని కిందువలననే వచ్చినది. ఆ ఉబ్బుటయే ఇండ్లకు శత్రువు. లోతుగా పునాది దింపని గోడ రేగడిలో బీటలు వారక మానదు.

రేగడి నలుపు ఎరువు బలముచేత, కుళ్లిన ఆకులచేత వచ్చినదని పలువురు నమ్ముదురు. పరీక్షించి చూడగా దానిలో జీవసంబంధమైన కర్బనము సామాన్యముగా నూటికి ఒక పాలు కూడ ఉండదు. ఉన్న ఆ కొంచెమే బంకతో విడదీయరాని విధముగా కలిసికొని నలుపు నిచ్చుచున్నది. కావున నల్లగా నున్నదిగదా యని రేగడికి పశువుల యెరువు తగ్గించుట తగదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నల్లరేగడి బసాల్టు బిడ్డయనియు, ఎర్రచల్క గ్రానైటు బిడ్డయనియు ఒప్పుకొని ఊరకుండినచో లెక్క సరిపోదు. వికారాబాదు దగ్గర అనంతగిరి మీదను, జహీరాబాదు ప్రాంతమునను, బీదరు కోట నిలిచిన పీఠభూమియందును ఉన్న శిల బసాల్టే. కాని అచ్చటి మన్ను ఎర్రనిది, గులకలతో గుల్లగా నుండునది. పూర్వము ఎక్కువ వానలు కురిసిన దీర్ఘయుగములలో, నీరు ఎక్కడను నిలువక జారిపోవు ఆ ఎత్తున, కాల్షియము, మగ్నీషియము మాత్రమే కాక సిలికా సైతము కరగి వెడలిపోయి, నీటికి లొంగని ఇనుము, అల్యూమినియము మాత్రమే శేషించినవి. మలబారులోని అంగాడిపురము దగ్గర ఇట్టి దానినే చూచిన ఫ్రాన్సిస్ బుకానన్, 1807లో వెలువడిన తన గ్రంథమున దానికి లేటరైటు అని పేరుపెట్టెను. త్రవ్వునప్పుడు కత్తికి తెగు మెత్తదనము కలిగి, గాలి తగిలిన పిమ్మట గట్టిపడునది గనుక అక్కడివారు దానిని ఇటుకలుగా కోసి ఇండ్లు కట్టుకొనుచుండిరి. మన విశాఖ మన్యములో ఖోండలైటు శిల మీద ఇదే వ్యాపారము ఇంకను ముందుకు సాగి, గాలికొండ మొదలగు శిఖరములమీద బాక్సైటు మిగిలినది.

మరొకవైపు చూతము. కుందూ లోయలో కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతముల క్రింద బసాల్టు లేదు. ఉన్నవి సున్నపురాళ్లు, పలకరాళ్లు. అయినను నేల చిక్కని నల్లరేగడి. ఆ ప్రక్కనే కొలిమిగుండ్ల దాపున సున్నపురాయి నీటికి దాదాపుగా మొత్తము కరగిపోవు శిల గనుక, పోగా మిగిలిన ఖాళీలే గుహలైనవి. బెలుము గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నవి. అంత రాయి కరగినను మిగిలిన మన్ను ఆ రాతిలో చిక్కుకొనియున్న స్వల్పమైన బంక మాత్రమే.

కనుక తెలంగాణపు వాలుమీద జరిగినది ఇది. మిట్టమీద నీరు నిలువదు. ఫెల్డ్‌స్పార్ నుండి విడివడిన కాల్షియమును, సిలికాను కొంత సన్నని బంకను తీసికొని పల్లమునకు జారును. మిట్టకు పలుగు ఇసుకయు, ఇనుపత్రుప్పును, గట్టిపట్టు గల బంకయు మిగులును. పల్లమున నీరు ఆగును, ఆగి మెల్లగా ఆవిరియగును. మోసికొనివచ్చిన కాల్షియమును సిలికాయు అచ్చటనే చిక్కపడును. వానితో పొరలు విప్పుకొను రేగడి బంక పుట్టును, లోతున సున్నపు గులకలు కట్టును. ఎరుపునుండి పోయినదానితోనే నలుపు పుట్టినది. నీరు మరీ ఎక్కువగా నిలిచి పోవుటకు దారి లేనిచోట సోడియము కూడ చేరి నేల చౌడుబారును. ఒకే బండ, ఒకే వాన, మూడు నేలలు.

రష్యాదేశపు నల్లనేలలను గూర్చి 1883లో మహాగ్రంథము రచించిన దొకుచాయెవ్ ఈ సత్యమును మొదట చాటెను. శీతోష్ణస్థితి, జీవరాశి, నేలవాటము, మాతృశిల, కాలము, ఈ అయిదింటి ఫలమే మృత్తికయని 1941లో హాన్స్ జెన్నీ సూత్రీకరించెను. ఈ అయిదింటిలో మన ప్రాంతమున నేలవాటమునకు పెద్దపీట వేయవలసియున్నదని నా అభిప్రాయము. మన రైతు చేలను మెట్ట, పల్లము అని విభజించుటలో శిలలను గూర్చి ఒక్కమాటయు అనకుండనే వాని స్వభావమును పట్టుకొన్నాడు.

జీవరాశి పాలును తక్కువచేసి చెప్పరాదు. మీ వంటింటి మసాలా దినుసులలో రాతిపువ్వు ఉండును. అది పుష్పము కాదు. శిలీంధ్రమును నాచును ఒకటియై జీవించు ప్రాణి. దాని బంధువులే బండలమీద బూడిదరంగు, పసుపురంగు మచ్చలుగా వ్యాపించి, పలుచని ఆమ్లములను స్రవించి రాతి పైపొరను వదులు చేయును. అక్కడ చేరిన గోరంత మన్నులో నాచు పెరుగును, ఆపైన గడ్డి, ఆపైన సీతాఫలపు చెట్టు. రావివేరు బండ పగులులో ప్రవేశించినచో అది ఎట్లు చీలునో పాడుబడిన గుడిని చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1881లో చార్లెస్ డార్విన్ తన తుది గ్రంథమును వానపాములకు అంకితము చేసి, ఇంగ్లండులో అనేక ప్రాంతముల ఎకరమునకు ఏడాదికి పది టన్నులకు మించిన మన్ను వాని శరీరములగుండ నడచి పైకి వచ్చుచున్నదని లెక్కించెను. మన యెండిన మెట్టలలో ఆ పనిలో అధికభాగము చెదలు చేయుచున్నవి. లోతునుండి సన్నని బంకను రేణువు రేణువుగా పైకి మోసి అవి కట్టిన పుట్టలు వానకు కరగి చేనిలో కలియుచున్నవి. నాగులచవితినాడు మనము పాలు పోయునది ఈ మృత్తికానిర్మాతల గృహమునకే.

ఇక కాలము. పాలంపేటలోని రామప్పగుడి 1213లో పూర్తియైనది. దానియందలి నల్లని మదనికల శిల డోలరైటు. రసాయనరీత్యా అది బసాల్టునకు తోబుట్టువు. చూరు క్రింద నీరు నిలువని చోట నున్నది గనుక ఎనిమిదివందల యేండ్ల తరువాతను దాని నునుపు చెక్కుచెదరలేదు, నగల నడుమ సూది దూరు సందులు సైతము నిలిచియున్నవి. అదే జాతి రాయి తడిమట్టిలో పూడియుండినచో ఈపాటికి దాని ముఖము గుల్లబారి యుండెడిది. తడిమట్టిలోనైనను పని త్వరగా సాగదు. అంగుళము మందము మన్ను పచ్చిబండనుండి సిద్ధమగుటకు వందలకొలది యేండ్లు పట్టును.

గోదావరి త్ర్యంబకము దగ్గర బసాల్టు కొండలలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరుచున్నది. కోనసీమలోని కొబ్బరితోట క్రింద నున్న నల్లని ఒండ్రులో గణనీయమైన భాగము ఒకప్పుడు మహారాష్ట్రపు కొండలలో శిలయై యుండినదే. అక్కడ పోయినది ఇక్కడ చేరినది. యుగముల తరబడి సాగిన ఈ బదిలీకి మనము కృతజ్ఞులము. చేనిమీది మన్ను పోవుట మాత్రము వేరు విషయము. వాలుకు నిలువుగా దున్నిన చల్కచేనిలో ఒక్క జడివానకు ఎర్రనీళ్లు పారినప్పుడు, ముందుగా కొట్టుకొనిపోవునది బరువైన ఇసుక కాదు. ఎన్నో వందల యేండ్లకు సిద్ధమైన సన్నని బంకయు, దానిని అంటియున్న లవణములును, జీవాంశమును. చేను ప్రతియేటను కొంత కొంత ఇసుకబారుట ఇందుచేతనే. వాలుకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, గట్లమీద గడ్డి పెంచుట క్రొత్త సలహాలు కావు. అయినను ఇన్ని పల్లెలలో గట్లు చెరిపి ఎకరములు కలుపుట చూచుచు ఊరకుండుట కష్టముగా నున్నది.

పోయిన ఆ బంక అంతయు సముద్రమునకు పోలేదు. కాకతీయుల కాలమునుండి మన పూర్వులు వాలు వాలునకు కట్టిన గొలుసు చెరువులు దానిలో చాల భాగమును పట్టి నిలిపినవి. వేసవిలో పూడికమట్టిని బండ్లమీద చల్కచేలకు తోలుట ఈ ప్రాంతపు ప్రాచీనాచారము. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయునప్పుడు ఆ మన్ను మరల చేలకు చేరినది. మిట్టనుండి నీరు తీసికొనిపోయినదానిని మనుష్యుడు మిట్టకే తెచ్చి దించు పని యిది; దీనివలన చల్క ఎక్కువనాళ్లు పదును నిలుపుకొనును. అయితే అన్ని మన్నులును అన్ని చేలకును తగవు. ఇదివరకే బంక చిక్కగానున్న రేగడికి పూడిక తోలిన ప్రయోజనము లేదు. ఎండినప్పుడు తెల్లని ఉప్పు పొంగు శిఖము మన్ను చేనిని చౌడుబార్చును గనుక దానిని ముట్టరాదు. మంచి పూడికనైనను పచ్చిగా కుప్పలు పోసి వదలక, పలుచగా పరచి ఎండబెట్టి, గడ్డలు నలుగగొట్టి, మృగశిర కార్తెకు ముందే చేనంతట చల్లి తొలకరి దుక్కిలో అడ్డసాళ్లతో కలియదున్నవలెను. కుప్పలు కుప్పలుగా విడిచినయెడల గడ్డ యున్నచోట నీరు నిలిచి, లేనిచోట పైరు వడలును.